గాలి లెక్క

ఈ ఇనుప తాళంచెవిని చూస్తిరా,
నిలబెడితే నా రొమ్ముదాకా వస్తాది.
పిడి ఇంత నున్నగా అయింది నా అరచేతుల్తోనే,
పద్దెనిమిదేండ్లు.

బెంగుళూరు పెరిగీ పెరిగీ
మా హొసకోట గడప ముందర చెప్పులిడిచింది.
అపార్ట్‌మెంట్లకు ట్యాంకర్లు.
మాకు బోరునీళ్లు, రెండు దినాలకొకసారి,
వీధికి ముప్పావు గంట.
ఆ ముప్పావు గంటకు నేనే గడియారం.
పెండ్లుంటే పది నిమిషాలెక్కువ,
చావుంటే అడక్కుండానే ఇడిచేవాణ్ణి.
కాఫీ ఇచ్చే వీధిలో
కట్టేటప్పుడు చెయ్యి కొంచెం మెల్లగా తిరిగేది.
అబద్ధమెందుకు, తిరిగేది.

మా తాత తూము కాడ నీరుగంటి.
ఏ మడికి ఎంత తడి పట్టిందో
కాలి బొటనవేలు గుచ్చి చెప్పేవాడంట.

ఇప్పుడు వేలితో పనిలేదు,
ఇంటింటికీ మీటరు పెట్టినారు.
ఇత్తడి ఒళ్లు, గాజు కన్ను.
నల్ల అంకె తిరిగితే వెయ్యి లీటర్లు,
ఎర్ర అంకెలు చిల్లర.
బిగించే దినం వీధంతా తిట్టింది.
"రేపు ఉమ్మికి గూడా పెడతారు" అనింది గౌరక్క.
మొదటి శుక్రవారం దానికి
పసుపూ కుంకుమా పెట్టింది మాత్రం ఆమే.

నెల తిరిగినాక చదవను పోయినా.
పల్లపు వీధి: ముప్పై ఒకటి, ఇరవై ఎనిమిది,
నలభై రెండు. అది రుద్రప్పగారి ఇల్లు.
ఆవులు తాగినాయంటాడు.
వాకిట్లో కారు మెరస్తా ఉంది.

ఆ పైన మిట్ట వీధి.
ఏడు. ఆరు. ఏడు.
చివరింటి మునెక్కది మూడు.

"మాకు నీళ్లెక్కవు పిల్లోడా" అని
ఎన్నేండ్లు చెప్పిందో ఆమె.
"అందరికీ ఒకటే ముప్పావు గంట గదా,
సంపు నింపుకొని మళ్లీ ఏడస్తారా"
అనిన నోరు ఇదే.
నిమిషాలు సమంగా పంచితే
నీళ్లు సమంగా పంచినట్టేనని
నా చేతి గడియారం నాకు చెప్పింది.
ఊరి వాలు సంగతి చెప్పలేదు.

మునెక్క తిట్టలేదు.
"ఉండు, ఇడిచే టైమే గదా" అని
బిందె పెట్టి కొళాయి తిప్పింది.
కింద వాల్వు కాడ మా పిలగాడు తిప్పినట్టుండాడు.
ముందు దగ్గు. తర్వాత ఈల.
పైపులో గాలి బుస్సున తోసుకొచ్చింది,
గాజు కింద ఎర్ర అంకెలు గిర్రున తిరిగినాయి.
బిందెలో చుక్క లేదు.

"మూడువేల లీటర్లలో
ఊపిరెంతో నీళ్లెంతో నువ్వే చెప్పు" అనింది.
"గాలికి దుడ్డు కట్టమంటే కడతా,
దాన్ని నీళ్లని మాత్రం రాయొద్దు."

పుస్తకంలో నీళ్లని గడి ఉంది,
గాలని లేదు.
పెన్ను మూత నోట్లో పెట్టుకోని నిలబడినా.
ఆమె బిందె అడుగున
అప్పటికి ఒక చెంబెడు చేరింది.
అందులోనే ఒక లోటా ముంచి
నాకు తాగను ఇచ్చింది.
వద్దనేదానికి నోరు రాలేదు,
తాగేదానికి గొంతు దిగలేదు.

మళ్లీ నీళ్లిడిచే రాత్రి
పల్లపు వీధి వాల్వు నాలుగు చుట్లు బిగించినా.
ఆఫీసులో అడగలేదు.
తెల్లారితే రుద్రప్ప అరుస్తాడు.
అరవనీ,
ఆయన నలభై రెండు నా పుస్తకంలోనే ఉంది.

తాళంచెవి కొనకు చెవి ఆనిస్తే
కింద నీళ్లు ఎటు పోతా ఉండాయో వినిపిస్తాది.
మా పనిలో ఇది అందరికీ వచ్చిన విద్యే.
మిట్ట వాల్వు మీద
నేనెన్నడూ చెవి పెట్టలేదు.

ఇనుము సల్లగా చెంపకు తగిలింది.
శానా సేపు ఏమీ లేదు.
ఆ మీద ఎక్కడో పైన,
బండ మీద ఎవరో
బిందె జరిపిన చప్పుడు.